42 గేముల్లో 5 గెలిచాను, ఇంకా ఆయనతోనే ఆడాలా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు 24 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, ఉద్యోగం మాదాపూర్‌లో. రెండేళ్లుగా వారానికి మూడు సాయంత్రాలు ఆఫీసు దగ్గరున్న పార్లర్‌లో పూల్ ఆడుతున్నాను. ఎక్కువగా 8 బాల్. మా ఫ్రెండ్స్ నలుగురిలో నాదే పైచేయి. రెండు నెలల కిందట అక్కడికి వచ్చే ఒక పెద్దాయనతో ఆడటం మొదలుపెట్టాను. యాభై ఏళ్లుంటాయి, నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఆడతారు. ఆరు రోజులు, రోజుకి ఏడేసి గేములు ఆడాం. 42లో నేను గెలిచింది 5. అందులోనూ రెండు, ఆయన చివరి బ్లాక్ బాల్ (8) వేసినప్పుడు వైట్ కూడా పాకెట్‌లో పడి, రూల్ ప్రకారం ఆయన ఓడటం వల్ల వచ్చినవి. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలి కాబట్టి ఆరు రోజులూ నేనే కట్టాను. 'ఆయనతోనే ఆడుతూ ఉండు, ఆట దానంతట అదే వస్తుంది' అంటాడు ఒక ఫ్రెండ్. 'డబ్బులు తగలేస్తున్నావ్, మాతో ఆడుకో' అంటారు మిగతావాళ్లు. నాకైతే ఆట పెరగకపోగా తగ్గినట్టుంది. ఇదివరకు కళ్లు మూసుకుని వేసిన బాల్స్ ఇప్పుడు మిస్సవుతున్నాయి, చెయ్యి బిగుసుకుపోతోంది. ఆయనతో ఆడటం మానెయ్యాలా? హ్యాండిక్యాప్ (ఆట తక్కువున్నవాడికి ముందే ఇచ్చే వెసులుబాటు) అడగొచ్చా? సొంత స్టిక్ కొంటే ఏమైనా తేడా ఉంటుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, మానొద్దు. అయితే ఇప్పుడు ఆడుతున్న పద్ధతిలో మాత్రం ఇంకో 42 గేములు ఆడొద్దు.

ఎన్ని ఆడావో, ఎన్ని ఓడావో లెక్క రాసిపెట్టుకున్నావు చూడు, అది నాకు బాగా నచ్చింది. చాలామంది 'ఎప్పుడూ ఓడిపోతున్నానన్నా' అని రాస్తారు. దానికి ఏం చెప్పాలో తోచదు. నీ అంకెలతో చెప్పడానికి చాలా ఉంది, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నీ ఫ్రెండ్ అన్న 'దానంతట అదే' సంగతి. గట్టివాడితో ఆడినంత మాత్రాన ఆట రాదు. పదేళ్లపాటు తమకన్నా మంచి ఆటగాళ్లతో ఆడి, పదేళ్లూ ఒకే రకంగా ఓడినవాళ్లని నేను చూశాను. ఆయన ఆడుతున్నంతసేపూ నువ్వు కుర్చీలో కూర్చుని ఏం చూశావు, చూసినదాన్ని మర్నాడు ఖాళీ టేబుల్ మీద ఒక్కడివే ఎన్నిసార్లు చేసి చూశావు, ఆట అందులోంచి వస్తుంది. నువ్వు కట్టిన టేబుల్ డబ్బులకి దక్కాల్సింది ఆ చూపే. ఇప్పటిదాకా డబ్బులు కట్టావు గానీ సరుకు ఇంటికి తెచ్చుకోలేదు.

ఆయన చేతిలో నువ్వు ఎలా ఓడుతున్నావో నేను చూడలేదు. కానీ రెండేళ్లు ఫ్రెండ్స్‌ని గెలుస్తూ వచ్చిన కుర్రవాడు మొదటిసారి గట్టివాడి ముందు ఎలా ఓడతాడో బాగా తెలుసు. ఒక గేము కళ్ల ముందు పెట్టుకో. నీకు సాలిడ్స్, అంటే నిండు రంగు బాల్స్ ఏడు. ఆయనకి స్ట్రైప్స్, అంటే చారల బాల్స్ ఏడు. తనవి ఏడూ వేశాక బ్లాక్ వేసినవాడిదే గేము. బ్రేక్‌కి, అంటే మొదటి దెబ్బకి, బాల్స్ బాగా విడిపోయాయి. నువ్వు వరసగా అయిదు వేశావు. పక్క టేబుల్ వాళ్లు కూడా ఆగి చూశారు. నీవి ఇంకా రెండే ఉన్నాయి. ఒకటి 3, పొడుగు కుషన్‌కి (టేబుల్ అంచుకి) అతుక్కుని ఉంది, దాని పక్కనే ఆయన 11. రెండోది 6, బ్లాక్ చాటున ఉంది. 3 మీద కొట్టావు, పాకెట్ మూతికి తగిలి బయటికొచ్చింది. వెళ్లి కూర్చున్నావు. నీ మనసులో లెక్క ఇది: నాకు రెండు, ఆయనకి ఏడు, నేనే ముందున్నాను.

టేబుల్ మీద జరిగింది వేరు. బ్రేక్ అయినప్పుడు ఆయన దారులకి నీ బాల్స్ ఏడూ అడ్డం ఉన్నాయి. అందులో అయిదింటిని నీ చేతులతో నువ్వే తీసి పక్కన పెట్టావు. ఇప్పుడు ఆయనకి అన్ని పాకెట్లకీ దారి తెరిచి ఉంది. ఏడు బాల్స్ ఉండటం ఆయనకి బరువు కాదు, వెసులుబాటు. వైట్ అనుకున్న చోటు కన్నా జానెడు ముందుకి పోయినా వేయడానికి ఇంకొకటి దొరుకుతుంది. నీకు మిగిలిన రెండూ పడనివే. ఆయన నెమ్మదిగా లేచి ఎనిమిదీ వేసి స్టిక్ గోడకి ఆనిస్తారు. నీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా అయితే రెండు వేసి మూడోది మిస్ చేసేవాడు, టేబుల్ మళ్లీ నీకొచ్చేది, ఎలాగోలా గెలిచేవాడివి. అందుకే రెండేళ్లుగా ఈ తప్పు నీకు తప్పులా కనపడలేదు. పైగా అయిదు వరసగా వేయడం గొప్పలా కనపడింది. ఆయన దగ్గర ఆ పప్పులుడకలేదు.

అదే టేబుల్ ఆయనకి వచ్చిందనుకో, ఏది సులువుగా పడుతుందా అని ముందు వెతకరు. ఏది పడదో వెతుకుతారు. కుషన్‌కి అతుక్కున్న బాల్‌ని ఏ షాట్‌లో, ఏ వైపు నుంచి వైట్‌తో తట్టి బయటికి లాగాలో మొదటి బాల్ వేయకముందే అనుకుంటారు. సులువైనవి ఇంకా టేబుల్ మీద ఉండగానే ఆ పని చేస్తారు, ఎందుకంటే తట్టిన తర్వాత వైట్ ఎటు పోయినా వేసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ పని చివరికి వాయిదా వేస్తే వేరే దిక్కుండదు. తట్టే వీలే లేదనిపిస్తే ఆయన బాల్ వేయనే వేయరు. తన బాల్స్ రెండు పాకెట్ల ముందు కాపలాకి వదిలి, వైట్‌ని ఎదుటివాడికి ఏదీ కనపడని చోట పెట్టి వెళ్లి కూర్చుంటారు. దాన్ని నువ్వు 'సేఫ్టీ ఆడి తప్పించుకున్నారు' అనుకుని ఉంటావు. ఆ గేము ఆయన గెలిచింది అక్కడే.

ఇప్పుడు కుర్చీ సంగతి. ఆయన టేబుల్ దగ్గర ఉన్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి. ఆయన వేస్తున్న బాల్‌ని చూడొద్దు. వైట్‌ని చూడు.

నాకు ఇది నేర్పింది సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మార్కర్. నువ్వు పార్లర్ల కాలం వాడివి, నీకు తెలుసో లేదో: మార్కర్ అంటే స్కోరు రాసి, బాల్స్ పేర్చి, టేబుల్ బట్ట బ్రష్ చేసే మనిషి. మన దేశంలో పాత బిలియర్డ్స్ గదుల్లో మెంబర్ల కన్నా మార్కర్‌దే మంచి ఆట కావడం మామూలు. పొద్దుట్నుంచి రాత్రిదాకా కళ్ల ముందు ఆట నడుస్తూనే ఉంటుంది, ఖాళీ దొరికితే టేబుల్ ఆయనదే. నేను కాలేజీ చదువుతున్న రోజుల్లో అక్కడ బాల్స్ టకటకా వేస్తుంటే చూసి, ఒక సాయంత్రం ఆయన జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి టేబుల్ మీద పెట్టారు. ఒక బాల్‌ని మిడిల్ పాకెట్‌కి ఎదురుగా పెట్టి, 'ఇది వెయ్యి, వైట్ వచ్చి బిళ్ళ మీద ఆగాలి' అన్నారు. పదిసార్లు కొట్టాను. బాల్ పదిసార్లూ పడింది. వైట్ బిళ్ళని తాకింది రెండుసార్లు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. 'బాల్ తో గిర్ జాతా బేటా, సఫేద్ కిధర్ జారా వో దేఖ్' అన్నారు. బాల్ ఎలాగూ పడుతుంది, వైట్ ఎటు పోతోందో అది చూడు అని.

ఆ తర్వాత ఆయనతో ఆడిన ప్రతిరోజూ ఆయన వంగే ముందు నా వైపు చూసేవారు. వైట్ ఎక్కడ ఆగుతుందో నేను వేలితో చూపించాలి. మొదటివారం నేను చూపించిన చోటికి, ఆగిన చోటికి మధ్య మూరెడు దూరం ఉండేది. రెండు నెలలకి జానెడులోపు వచ్చింది. ఆ రెండు నెలల్లో ఆయన మీద ఒక్క ఫ్రేమ్ కూడా గెలవలేదు. కానీ వేరేవాళ్లతో ఆడుతుంటే వాళ్లకన్నా ఒక షాట్ ముందున్నట్టు నాకే తెలిసేది.

నువ్వూ అదే చెయ్యి, వేలు చూపించక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. ఆయన స్టిక్ మీదికి వంగేలోపు రెండు అనుకో: దీని తర్వాత ఏ బాల్ వేస్తారు, అందుకు వైట్ ఎక్కడ ఆగాలి. నీ ఊహ తప్పినచోటే నీకు పాఠం దొరుకుతుంది. రోజుకి ఒక్కటి చాలు, అస్సలు అర్థంకాని షాట్ ఒక్కటి, గేము అయ్యాక ఫోన్‌లో బొమ్మ గీసుకో. మూడు చుక్కలు, రెండు గీతలు.

నెలరోజులు ఇలా చూస్తే ఆయన తర్వాతి షాట్‌కి తిన్నని బాల్ మిగిలేలా ఆడటం తక్కువని కనిపెడతావు. నువ్వు తిన్నని బాల్ దొరికితే సంతోషపడతావు. కానీ వైట్, బాల్, పాకెట్ ఒకే గీత మీద ఉంటే వైట్‌ని ఆపగలవు, ముందుకి పంపగలవు, స్క్రూ కొట్టి వెనక్కి లాగగలవు, అంతే. పక్కకి తీసుకెళ్లలేవు. కాస్త యాంగిల్ ఉంటే టేబుల్‌లో ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. వైట్ ఎటు పోతుందనడానికి రెండు గుర్తులు పెట్టుకో. వైట్ తగిలే క్షణంలో ముందుకీ వెనక్కీ తిరగకుండా జారుతూ ఉంటే, అదే స్టన్, బాల్ వెళ్లే దారికి లంబంగా పక్కకి పోతుంది. మామూలుగా దొర్లుతూ వచ్చి తగిలితే, తను వచ్చిన దారి నుంచి దాదాపు 30 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. బాల్‌లో పావు వంతుకి తగిలినా, ముప్పావు వంతుకి తగిలినా ఇంచుమించు ఇంతే, అదే దీని అందం. చూపుడువేలు, నడిమివేలు 'వి'లా హాయిగా విప్పితే వచ్చే యాంగిల్ దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక వేలిని వైట్ వచ్చే దారికి సమాంతరంగా పెట్టు, రెండో వేలు అది పోయే వైపు చూపిస్తుంది. కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు.

చూడటం చిన్న పనేమీ కాదు. ఫిలిప్పీన్స్‌కి చెందిన ఎఫ్రెన్ రేయెస్ పేరు వినే ఉంటావు. 1954లో పంపంగాలో పుట్టాడు, అయిదేళ్లప్పుడు మనీలాలో మామయ్య నడిపే పూల్ హాల్‌కి చేరాడు. అక్కడ చిన్నాచితకా పనులు చేసేవాడు. టేబుల్ ఎత్తు అందక కోకాకోలా పెట్టెల మీద నిలబడి కొట్టేవాడు, పెట్టెని టేబుల్ చుట్టూ జరుపుకుంటూ. రాత్రి ఆ టేబుల్ మీదే నిద్ర. ఎఫ్రెన్ అనే పేరుతోనే వయసులో పెద్ద ఆటగాడు ఇంకొకడు ఉండటంతో, తేడా తెలియడానికి 'బాటా' అనే పేరు వచ్చింది, వాళ్ల భాషలో పిల్లవాడనే అర్థం. ఆ పిల్లవాడే 1994లో యుఎస్ ఓపెన్ 9 బాల్ (పూల్‌లోనే ఇంకో రకం ఆట) గెలిచాడు, అమెరికా బయటివాళ్లలో అది గెలిచిన మొదటివాడు. 1999లో కార్డిఫ్‌లో ప్రపంచ 9 బాల్ చాంపియన్ అయ్యాడు. ఆయన ఆటలో జనం ఎక్కువగా చెప్పుకునేది బాల్స్ పాకెట్లో వేయడం కాదు, వైట్‌కి దారే లేదనుకున్నప్పుడు కుషన్ల మీదుగా దారి కనిపెట్టడం. చుట్టూ పెద్దవాళ్లు ఆడుతుంటే చూస్తూ పెరిగిన కళ్లు అవి.

2017లో విశాఖలో ఇండియన్ ఓపెన్ స్నూకర్ జరిగింది, జాన్ హిగ్గిన్స్ గెలిచాడు. నేను అక్కడ ఆడేవాళ్లకన్నా కూర్చున్నవాళ్లని ఎక్కువగా చూశాను. ఎదుటివాడు వరసగా వేసుకుపోతుంటే, ఇక ఆ ఫ్రేమ్ తనది కాదని తెలిసినా, కళ్లు మాత్రం బట్ట మీదే.

ఇక నీ చెయ్యి బిగుసుకుపోవడం. ఆట తగ్గిందని భయపడకు. ఫ్రెండ్స్‌తో ఆడేటప్పుడు మిస్సయినా మళ్లీ టేబుల్ వస్తుందని నీ చేతికి తెలుసు. ఈయనతో ఒక్క మిస్‌కి గేము పోతుందని కూడా ఆ చేతికే తెలిసింది. అందుకే స్టిక్‌ని గట్టిగా పట్టుకుంటున్నావు, గట్టిగా కొడుతున్నావు, పడిందో లేదో చూద్దామని తల ముందే లేపుతున్నావు. బాల్ ఎంత వేగంగా వెళ్తే దానికి పాకెట్ అంత చిన్నదవుతుంది. కుషన్ వెంబడి వెళ్లే బాల్‌కైతే మరీను. మెల్లగా వస్తే మూతికి తగిలి కూడా లోపలికి జారే బాల్, గట్టిగా వస్తే రెండు మూతుల మధ్య కొట్టుకుని బయటికొస్తుంది. నీ 'కళ్లు మూసుకుని వేసే' బాల్స్ మిస్సవుతున్నది ఇందుకేనని నా అనుమానం.

వెనక చేత్తో స్టిక్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో, జారిపోకూడదు, నలగకూడదు. కొట్టాక వైట్ ఆగేదాకా తల లేపొద్దు. వచ్చే మూడు వారాలు ఆయనతో ఆడేటప్పుడు స్కోరు రాయకు. ఎన్ని షాట్లకి తల లేపకుండా ఉన్నావో ఒక్కటే రాసుకో. ఏడు గేములూ ఓడినా ఆ అంకె పెరిగితే ఆ రోజు టేబుల్ డబ్బులు దండగ కాలేదు.

ఇప్పుడు నీ 42 సంగతి. పూల్ ఆటగాళ్లకి ఫార్గోరేట్ అనే రేటింగ్ పద్ధతి ఒకటుంది, అమెరికాలో మొదలై చాలా దేశాలకి పాకింది. అందులో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే, పైవాడు రెండు గేములు గెలిచే చోట కిందివాడు ఒకటి గెలుస్తాడు. 200 అయితే నాలుగుకి ఒకటి, 300 అయితే ఎనిమిదికి ఒకటి. ఆయనవి 37, నీవి 5. అంటే ఏడున్నరకి దాదాపు ఒకటి. మీ ఇద్దరికీ మధ్య ఇంచుమించు 300 పాయింట్ల దూరం ఉందన్నమాట. 42 గేములు చిన్న లెక్కే, అందులో రెండు ఆయన చేతులారా పోగొట్టుకున్నవి, కాబట్టి దూరం ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు.

అంత దూరం ఉన్నప్పుడు ఒక చిక్కుంది. ఎక్కడ ఓడావో నీకు కనపడదు. ఒక్కో గేములో ఓడిపోవడానికి పది కారణాలుంటాయి, ఏది సరిచేసినా మిగిలిన తొమ్మిది చాలు నిన్ను ఓడించడానికి. నీకన్నా కాస్త పైనున్నవాడితో ఓడితే అలా కాదు, 'ఆ ఒక్క బాల్ వేసి ఉంటే' అని వేలు పెట్టి చూపించగలవు. అందుకని ఆయన కాక ఇంకొకరిని వెతుక్కో. మూడు గేములు ఆడితే నీకు ఒకటి వచ్చేలాంటి మనిషి. ఇది కూడా తక్కువ తేడా కాదు సుమా. ముందు అయిదు గేములు గెలిచినవాడిదే అని అలాంటివాడితో ఆడితే ఏడుసార్లకి ఒక్కసారి గెలుస్తావు. కానీ ప్రతిసారీ గేములో ఉంటావు. మీ పార్లర్‌లోనే ఉంటాడు, నువ్వు ఈయన్ని చూసే హడావిడిలో గమనించి ఉండవు. లేకపోతే రెండు మెట్రో స్టేషన్ల అవతల ఇంకో పార్లర్ చూడు.

రేయెస్ గురించి చెప్పాను కదా. 1996లో హాంకాంగ్‌లో అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో, ముందు 120 గేములు గెలిచినవాడికి లక్ష డాలర్లు అని ఆడారు. రేయెస్ 120, స్ట్రిక్‌లాండ్ 117. మొత్తం 237 గేముల్లో తేడా మూడు. ఆ స్థాయిలో ఉన్నవాళ్లని కూడా ఇంకొక్క మెట్టు ఎక్కించేది ఇలాంటి జోడీయే.

కాబట్టి వారానికి మూడు సాయంత్రాలని ఇలా పంచుకోమంటాను: ఒకటి ఆ మధ్యవాడితో, ఒకటి సగం పెద్దాయనతో సగం ఫ్రెండ్స్‌తో, ఒకటి ఎవరూ లేకుండా. మూడోది నీకు మింగుడుపడదని తెలుసు. ఒక్కడివే ఆడుతుంటే జనం చూస్తారని సిగ్గు కూడా ఉంటుంది. శనివారం పొద్దున వెళ్లు, పార్లర్ తెరిచిన గంటలో ఎవరూ ఉండరు.

ఆ గంటలో మొదటి ఇరవై నిమిషాలు వైట్‌ని ఆపడం. కుషన్ చెక్క మీద చుక్కలుంటాయి కదా, 9 అడుగుల టేబుల్ మీద రెండు చుక్కల మధ్య పన్నెండున్నర అంగుళాలు. బాల్‌కి, వైట్‌కి మధ్య రెండు చుక్కల దూరం పెట్టి తిన్నగా కొట్టు, బాల్ పడాలి, వైట్ ఉన్నచోటే చచ్చినట్టు ఆగాలి. పదిలో ఎనిమిది వస్తే మూడు చుక్కలు, తర్వాత నాలుగు. నాలుగు చుక్కల దగ్గర వైట్ ఆగడం మానేసి ముందుకి దొర్లుతుంది. దూరం పెరిగేకొద్దీ వైట్ బాల్‌ని చేరేలోపే బట్ట దాన్ని దొర్లించేస్తుంది కాబట్టి ఇంకాస్త కింద కొట్టాలని నీ చేతికే తెలుస్తుంది. పెద్దాయన అంత మెల్లగా ఆడి కూడా వైట్‌ని ఎలా ఆపుతున్నారనే సందేహం అప్పుడు తీరుతుంది.

మిగతా నలభై నిమిషాలు దెయ్యంతో ఆట. ఆటగాళ్లు దీన్ని 'ఘోస్ట్' అంటారు. మూడు బాల్స్ టేబుల్ మీద ఇష్టమొచ్చినట్టు విసురు. వైట్‌ని మొదటిసారి నీకు నచ్చిన చోట పెట్టుకో. మూడూ వరసగా వేస్తే గేము నీది. ఒక్కటి మిస్సయినా, వైట్ పాకెట్‌లో పడినా గేము దెయ్యానిది, ఎందుకంటే అది ఎప్పుడూ మిస్సవదు. ముందు ఏడు ఎవరివైతే వాళ్లే గెలిచినట్టు. మూడు బాల్స్‌తో గెలవడం అలవాటయ్యాక నాలుగు, ఆ తర్వాత అయిదు. నీ పెద్దాయన కన్నా గట్టి ఆటగాడు ఈ దెయ్యం. ఇక్కడ నువ్వు ఓడిన ప్రతిసారీ కారణం నీదే, టేబుల్ మీద ఎదురుగా కనపడుతుంది. ఇందులోనే ఆయన దగ్గర గీసుకున్న బొమ్మని పేర్చి, ఆ షాట్ పదిసార్లు కొట్టి చూడు.

నీ మిగతా ప్రశ్నలు. హ్యాండిక్యాప్ అడుగు, తప్పేం లేదు. అయితే బాల్స్ తగ్గించుకోవద్దు, 'నీ రెండు బాల్స్ ముందే తీసేద్దాం' అంటే ఆ ఆట 8 బాలే కాదు, ఇందాక చెప్పిన అడ్డాల లెక్క అంతా పాడవుతుంది. గేముల్లో తీసుకో. అమెరికాలో ఏపీఏ అనే పెద్ద అమెచ్యూర్ లీగ్ ఇలాగే నడుస్తుంది. 8 బాల్‌లో 2 నుంచి 7 దాకా స్థాయిలు, 7వ స్థాయివాడు 2వ స్థాయివాడితో ఆడితే అతను ఏడు గేములు గెలవాలి, వీడికి రెండు చాలు. మీరు కూడా ఆయనకి 7, నీకు 2 అని ఆడి చూడండి. ఆటకి ఆట ఉంటుంది, ఆయనకీ ఆడినట్టుంటుంది. ఇన్ని రోజులు నీతో ఆడుతున్నారంటే ఆయన మంచి మనిషి, కానీ గెలుపు ఖాయమైన ఆట ఎవరికైనా విసుగే.

ఫౌల్ అయితే వైట్ ఎక్కడైనా పెట్టుకోవచ్చా, బ్రేక్ కొట్టే లైన్ వెనకనే పెట్టాలా అనేది కూడా ముందే తేల్చుకోండి. అంతర్జాతీయ రూల్స్‌లో టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మన పార్లర్లలో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఎక్కడైనా పెట్టుకోవచ్చు అని ఆడితేనే సేఫ్టీ విలువ నీకు తెలుస్తుంది.

ఆయన్ని అడగడానికి మొహమాటపడకు, కానీ 'నేర్పించండి సార్' అని అడగొద్దు. అలా అడిగితే ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సెట్ అయ్యాక, స్టిక్ పెట్టేశాక, ఒక్క షాట్ గురించి అడుగు. 'సార్, ఇందాక నాలుగో గేములో 12 తిన్నగా ఉంది, అది వదిలి 10 వేశారు, ఎందుకు?' అను. నువ్వు చూస్తున్నావని ఆయనకి తెలుస్తుంది. అంతకన్నా మర్యాద ఆటగాడికి ఇంకొకటి లేదు. ఆ రోజు నుంచి ఆయనే పిలిచి చెప్తారు, నేను చాలాసార్లు చూశాను. ఆయన గురి చూస్తున్నప్పుడు ఎదురుగా నిలబడొద్దు, కదలొద్దు. ఓడినప్పుడు టిప్ బాగాలేదు, బట్ట స్లోగా ఉంది అనొద్దు.

డబ్బులు. గంటకి ఇంత అని నెలకి ఒక హద్దు పెట్టుకో, అది దాటితే ఆ నెల ఆయనతో ఆడకు, పక్కన కూర్చుని చూడు. చూడటానికి టేబుల్ డబ్బులు అక్కర్లేదు. పందెం మాత్రం ఎవరు అడిగినా కట్టొద్దు. ముఖ్యంగా ముఖపరిచయం లేనివాడు రెండు గేములు ఓడి, 'మూడోదానికి ఏమైనా పెడదామా' అన్నప్పుడు. పందెం పెట్టిన రోజు నువ్వు వైట్‌ని చూడవు, పర్సుని చూస్తావు.

స్టిక్ ఇప్పుడే కొనొద్దు. పార్లర్‌లో ఉన్నవాటిలో టేబుల్ మీద దొర్లించినప్పుడు ఎగరకుండా దొర్లేది, టిప్ గుండ్రంగా, గట్టిగా ఉన్నది ఒకటి చూసి పెట్టుకుని, వెళ్లిన ప్రతిసారీ దాన్నే తీసుకో. దెయ్యాన్ని అయిదు బాల్స్‌తో గెలిచిన రోజు స్టిక్ గురించి మళ్లీ రాయి.

చివరిగా నీ ఫ్రెండ్స్. వాళ్లని వదలొద్దు. గెలవడం కూడా సాధన చేయాల్సిన పనే, బ్లాక్ ఒక్కటే మిగిలినప్పుడు చేతులు వణకకుండా వేయడం ఓడే ఆటల్లో నేర్చుకోలేవు, అక్కడిదాకా రానే రావు కాబట్టి. వాళ్లతో ఆడేటప్పుడు నీకు నువ్వే ఒక షరతు పెట్టుకో, వాళ్లకి చెప్పక్కర్లేదు: మొదటి బాల్ వేసేముందు, పడని బాల్ ఏదో మనసులో అనుకోవాలి, మూడో షాట్‌లోపు దాని సంగతి తేల్చాలి. మొదట్లో ఒకటి రెండు గేములు వాళ్లకి పోతాయి. 'ఏమైందిరా నీకు, ఆ పెద్దాయనతో ఆడి ఉన్న ఆట కూడా పోయింది' అంటారు. అననీ. ఆ వారం మాత్రం నీ లెక్క పుస్తకంలో వాళ్ల గేములు వేరే పేజీలో రాసుకో.